చిత్తూరులో పుట్టిన బ్యాంకు అమరావతికి ఎలా చేరింది

2025 మే 1 నుంచి సప్తగిరి గ్రామీణ బ్యాంకు అన్న పేరుతో బ్యాంకు లేదు. పుంగనూరులోనో పాకాలలోనో శాఖ ఉన్నచోటే ఉంది, కౌంటర్లో కూర్చునేవాళ్లూ చాలావరకు వాళ్లే. చట్టం దృష్టిలో మాత్రం అది ఇప్పుడు అమరావతి ప్రధాన కార్యాలయంగా ఉన్న ఆంధ్రప్రదేశ్ గ్రామీణ బ్యాంకులో భాగం. అప్పటినుంచి చిత్తూరు, తిరుపతి వైపు పల్లెల్లో ప్రశ్నలు ఆగడం లేదు. మన బ్యాంకును యూనియన్ బ్యాంకుకు అమ్మేశారా? ప్రభుత్వం తీసేసుకుందా? కుదువ పెట్టిన సొమ్ములు ఎక్కడికి పోతాయి? డిపాజిట్ మాటేమిటి?

ఈ ప్రశ్నలకు ఒక్క ముక్కలో జవాబు చెప్పొచ్చు గానీ, దానివల్ల గందరగోళం తీరదు. మొదటినుంచీ ఈ బ్యాంకు ఎవరిది, దాని గురించి నిర్ణయాలు ఎవరు తీసుకున్నారు అన్నది తెలిస్తేనే 2025లో ఏం జరిగిందో అర్థమవుతుంది.

ఒకే ఊళ్లో మూడు రకాల ‘మన బ్యాంకు’

తిరుపతిలోనో చిత్తూరులోనో ‘మన బ్యాంకు’ అంటే ఒక్కొక్కరి మనసులో ఒక్కొక్కటి మెదులుతుంది. పల్లెలో రైతుకు అది సింగిల్ విండో, అంటే ప్రాథమిక వ్యవసాయ సహకార పరపతి సంఘం. దాని పైన జిల్లా కేంద్ర సహకార బ్యాంకు, ఆపైన రాష్ట్ర స్థాయిలో ఆప్కాబ్, అంటే రాష్ట్ర సహకార బ్యాంకు ఉంటాయి. పట్నంలో చిన్న వ్యాపారికి అది టౌన్ బ్యాంకు, అంటే పట్టణ సహకార బ్యాంకు. మూడోది గ్రామీణ బ్యాంకు.

మొదటి రెండూ సభ్యులవి. వాటా కొన్నవాళ్లే యజమానులు. పది వాటాలున్నా వెయ్యి వాటాలున్నా మనిషికి ఒక్కటే ఓటు. టౌన్ బ్యాంకు ఎన్నికలొస్తే ఊరంతా కదిలేది అందుకే. గ్రామీణ బ్యాంకు అలాంటిది కాదు. అందులో ముప్పై ఏళ్లు ఖాతా నడిపినా మనకు వాటా ఉండదు, ఓటూ ఉండదు. అది పార్లమెంటు చట్టంతో పుట్టిన ప్రభుత్వ రంగ బ్యాంకు. ‘మనది’ అన్న భావన వాటాతో వచ్చింది కాదు, దగ్గరితనంతో వచ్చింది. మేనేజరుకు మన చేను తెలుసు, మన సంఘం తెలుసు. 2025 మార్పు మీద ఇప్పుడు నడుస్తున్న చర్చంతా ఈ తేడాలోనే ఇమిడి ఉంది.

సహకార సంఘాల చరిత్ర వీటిలో పాతది. మద్రాసు ప్రెసిడెన్సీలో రైతు అప్పుల గురించి ఫ్రెడరిక్ నికల్సన్ 1890లలో నివేదిక ఇచ్చాడు. 1904లో సహకార పరపతి సంఘాల చట్టం వచ్చింది. ఆ ఏడాదే మన జిల్లా పొరుగున, తిరువళ్లూరు దగ్గరి తిరూరులో సంఘం పుట్టింది. అయితే సభ్యుల చేతిలో ఉండటం ఒక్కటే ఏ సంస్థనూ కాపాడదని చిత్తూరు వాళ్లకు వేరే చెప్పనక్కర్లేదు. జిల్లా పాడి రైతులు పెంచుకున్న సహకార డెయిరీ 2002లో మూతపడింది.

దివాలాలో పుట్టిన స్పాన్సరు

గ్రామీణ బ్యాంకు కథలో తరచూ వినిపించే మాట ‘స్పాన్సర్ బ్యాంకు’. కొత్త బ్యాంకుకు మూలధనంలో వాటా, ఛైర్మన్, తొలినాళ్లలో సిబ్బంది, శిక్షణ ఇచ్చి నిలబెట్టే పెద్ద బ్యాంకు అన్నమాట. చిత్తూరుకు ఆ పని చేసింది ఇండియన్ బ్యాంకు.

ఆ ఇండియన్ బ్యాంకు పుట్టుకను ఇక్కడ చెప్పుకోవాలి. 1906 అక్టోబరులో మద్రాసులో అర్బత్‌నాట్ అనే ఇంగ్లిషు వాళ్ల కంపెనీ దివాలా తీసింది. ప్రెసిడెన్సీ అంతటా వేలమంది దాచుకున్న డబ్బు పోయింది. అప్పటికి చిత్తూరు ఉత్తర ఆర్కాడు జిల్లాకు ముఖ్య పట్టణం. మన చిత్తూరు జిల్లా ఏర్పడింది 1911లో. దొరల కంపెనీల మీద నమ్మకం పోయిన ఆ రోజుల్లో, వి.కృష్ణస్వామి అయ్యర్ వంటి మద్రాసు ప్రముఖులు పూనుకుని 1907లో ఇండియన్ బ్యాంకును మొదలుపెట్టారు. 1969 జూలైలో జాతీయం చేసిన 14 బ్యాంకుల్లో అదొకటి. ఆ ఏడాది చివర్లో లీడ్ బ్యాంకు పథకం వచ్చింది. ఒక్కో జిల్లాలో బ్యాంకుల విస్తరణ బాధ్యతను ఒక్కో బ్యాంకుకు అప్పగించారు. చిత్తూరు ఇండియన్ బ్యాంకు వంతుకు వచ్చింది. జిల్లాకు గ్రామీణ బ్యాంకు వచ్చినప్పుడు దాన్ని ఇండియన్ బ్యాంకే నిలబెట్టడానికి కారణం ఇదే.

పాతిక లక్షల మూలధనం, ముగ్గురు యజమానులు

జాతీయం చేసినా బ్యాంకులు పల్లెలకు తగినంతగా చేరలేదు. సహకార సంఘాలకు ఊరు తెలుసు, డబ్బు లేదు. వాణిజ్య బ్యాంకులకు డబ్బుంది, ఊరు తెలియదు. ఈ రెండు గుణాలనూ కలిపి తక్కువ ఖర్చుతో నడిచే కొత్త రకం బ్యాంకు పెట్టాలని 1975లో ఎం.నరసింహం అధ్యక్షతన ఏర్పాటైన బృందం సిఫారసు చేసింది. ఆయనే తర్వాత రిజర్వు బ్యాంకు గవర్నరయ్యారు. 1975 సెప్టెంబరు 26న ఆర్డినెన్సు వచ్చింది, అక్టోబరు 2న దేశంలో మొదటి ఐదు గ్రామీణ బ్యాంకులు తెరుచుకున్నాయి. 1976లో దానికి చట్టం చేశారు.

యాజమాన్యాన్ని ఆ చట్టమే పంచిపెట్టింది. కేంద్రానికి 50 శాతం, స్పాన్సర్ బ్యాంకుకు 35, రాష్ట్ర ప్రభుత్వానికి 15. తొలినాళ్లలో ఒక్కో బ్యాంకుకు పెట్టిన మూలధనం 25 లక్షల రూపాయలు. లెక్క వేస్తే కేంద్రానిది పన్నెండున్నర లక్షలు, స్పాన్సరుది ఎనిమిదీ ముప్పావు లక్షలు, రాష్ట్రానిది మూడూ ముప్పావు లక్షలు. బోర్డులో ఛైర్మన్, కేంద్రం నియమించే, అధికారులు కాని ఇద్దరు, రిజర్వు బ్యాంకు నుంచి ఒకరు, నాబార్డు (జాతీయ వ్యవసాయ, గ్రామీణాభివృద్ధి బ్యాంకు) నుంచి ఒకరు, స్పాన్సరు తరఫున ఇద్దరు, రాష్ట్రం తరఫున ఇద్దరు. ఖాతాదారులు ఎన్నుకునే కుర్చీ ఒక్కటీ లేదు.

ఈ చట్టం కిందే 1981లో చిత్తూరు కేంద్రంగా శ్రీవెంకటేశ్వర గ్రామీణ బ్యాంకు పుట్టింది. దానికి ఆ 25 లక్షల మూలధనం ఎంత చిన్నదో గుర్తుపెట్టుకోవాలి. ఈ బ్యాంకు ఎదిగింది పల్లెల్లో చిన్న చిన్న మొత్తాలుగా వచ్చిన డిపాజిట్ల మీద.

రెండు రూపాయల వడ్డీ పక్కన నాలుగు శాతం

బ్యాంకు ఎందుకు ఎదిగిందో తెలియాలంటే ఒక ఎకరా లెక్క చాలు. మదనపల్లె, పుంగనూరు, పీలేరు వైపు మెట్ట రైతుకు జూన్‌లో వాన పడగానే డబ్బు కావాలి. విత్తనాలు, సేద్యం, కూలి. వేరుశనగ చేతికొచ్చేది నాలుగు నెలల తర్వాత. టమాటా వేస్తే కట్టెలు, దారాలు, మందుల ఖర్చు ఇంకా ఎక్కువ. ఊళ్లో నూటికి రెండు రూపాయల వడ్డీకి లక్ష తెచ్చాడనుకుందాం. నెలకు రెండు వేలు, ఏడాదికి 24,000. అదే లక్ష పంట రుణంగా బ్యాంకులో తీసుకుంటే ఏడు శాతం, అంటే 7,000. గడువులోగా కట్టేస్తే కేంద్రం మూడు శాతం రాయితీ ఇస్తుంది కాబట్టి చివరికి పడేది 4,000. ఈ రాయితీ మూడు లక్షల వరకు పంట రుణాలకు వర్తిస్తుంది. లక్ష మీద ఏడాదికి ఇరవై వేల తేడా! ఒక చిన్న కమతానికి అది పిల్లవాడి కాలేజీ ఫీజు.

అయితే ఆ రుణం ఇవ్వాలంటే బ్యాంకుకు హామీ ఉండాలి. కౌలు రైతు పేరు మీద పట్టా ఉండదు. వాన లేక పంట పోతే పట్టా ఉన్నవాడూ కట్టలేడు. ఇక్కడే రాయలసీమ తనదైన దారి వెతుక్కుంది. అది బంగారం. ఇంట్లో ఆడవాళ్ల మెడలోని గొలుసు, చేతి గాజులు విత్తనం వేసే ముందు బ్యాంకుకు వెళ్తాయి, పంట అమ్మాక తిరిగొస్తాయి. శాఖలో అప్రైజరు గీటురాయి మీద గీసి, తూకం వేసి విలువ కడతాడు. ఒక పూటలో పని అయిపోతుంది. పట్టా పుస్తకం, సర్వే నంబరు, జామీనుదారు అన్న చిక్కులు తగ్గుతాయి. బ్యాంకుకు మొండి బాకీ భయమూ తగ్గుతుంది. వాన తప్పినా బాకీ వసూలయ్యే దారి ఉంది కాబట్టే మెట్ట జిల్లాలో గ్రామీణ బ్యాంకు నిలదొక్కుకుంది.

దీనికి ఇంకో కోణం ఉంది, దాన్ని దాచకూడదు. బంగారం ఉన్నవాళ్లకే ఈ దారి తెరిచి ఉంటుంది. పంట పోయిన ఏడాది వేలానికి వెళ్లేది ఆడవాళ్ల సొమ్ము. రుణం మగవాడి చేను మీద, నష్టం ఆమె మెడ మీద. ఏ కూలికీ ఏ చిన్న రైతుకూ ఆస్తి లేకపోయినా అప్పు పుట్టాలన్న 1975 నాటి ఉద్దేశం బంగారం లెక్కలో సగమే నెరవేరింది.

మిగతా సగానికి దగ్గరగా వచ్చింది డ్వాక్రా సంఘం. 1992లో నాబార్డు స్వయం సహాయక సంఘాలను బ్యాంకులతో కలిపే కార్యక్రమం మొదలుపెట్టింది. పది, పదిహేను మంది ఆడవాళ్లు కలిసి పొదుపు చేసుకుంటారు, అందులోంచి ఒకరికొకరు ఇచ్చుకుంటారు. ఆ పుస్తకం చూసి బ్యాంకు సంఘానికి అప్పిస్తుంది. ఆస్తి అడగదు. సంఘంలో ఒకరి బాకీకి అందరూ బాధ్యులు కాబట్టి వసూలు తేలిక. 2010లో సూక్ష్మ రుణ కంపెనీల వేధింపుల మీద రాష్ట్రం ఆర్డినెన్సు తెచ్చినప్పుడు, ఆ కంపెనీల అప్పుకూ బ్యాంకు నుంచి సంఘానికి వచ్చే అప్పుకూ తేడా పల్లెలో అందరికీ తెలిసింది. గ్రామీణ బ్యాంకు శాఖ ఉన్న ఊళ్లో ఆ తేడా చాలా పెద్దది.

తక్కువ ఖర్చు అన్న లెక్క ఎక్కడ తప్పింది

ఇంత పని చేసిన బ్యాంకులు తొంభైల నాటికి దేశమంతటా నష్టాల్లో ఎందుకు పడ్డాయి? తొలి ఆలోచనలో రెండు షరతులు ఉండేవి. చిన్న రైతులు, కూలీలు, చేతివృత్తుల వాళ్లకే అప్పివ్వాలి. సిబ్బందికి వాణిజ్య బ్యాంకు జీతాలు కాకుండా రాష్ట్ర ప్రభుత్వ ఉద్యోగుల స్థాయి జీతాలు ఇవ్వాలి.

రెండో షరతు సిబ్బందికి అన్యాయంగా తోచింది. పక్క వీధిలో స్పాన్సర్ బ్యాంకు గుమాస్తా అదే పని చేసి ఎక్కువ జీతం తీసుకుంటుంటే, వీళ్లు అడగడంలో తప్పేముంది? వివాదం జాతీయ పారిశ్రామిక ట్రిబ్యునల్‌కు వెళ్లింది. దానికి అధ్యక్షుడు ఆంధ్రప్రదేశ్ హైకోర్టు మాజీ ప్రధాన న్యాయమూర్తి జస్టిస్ ఎస్.ఓబుల్ రెడ్డి. 1990లో ఆయన ఇచ్చిన తీర్పు గ్రామీణ బ్యాంకు సిబ్బందికి స్పాన్సర్ బ్యాంకుతో సమానమైన జీతాలు ఇవ్వాలన్నది. తీర్పు న్యాయమైనదే. కానీ ఖర్చు పెరిగి, పేదలకు చిన్న అప్పులే ఇవ్వాలన్న షరతు అలాగే ఉంటే బ్యాంకు నడవదు. అందుకే తొంభైల మొదట్లో లక్ష్య వర్గాల బయట కూడా అప్పులివ్వడానికి అనుమతించారు. యజమానులైన ప్రభుత్వాలు, స్పాన్సర్లు కొత్త మూలధనం పోశారు. బంగారు రుణాలు, ఉద్యోగుల జీతాల మీద రుణాలు, ఇంటి రుణాలు గ్రామీణ బ్యాంకు పుస్తకాల్లోకి వచ్చాయి. దాన్ని దారి తప్పడం అనేవాళ్లున్నారు. బతికి ఉండటానికి అది తప్పలేదన్నది నా అభిప్రాయం. పైగా ఇప్పటికీ ఇచ్చే అప్పుల్లో 75 శాతం వ్యవసాయం, చిన్న వ్యాపారాల వంటి ప్రాధాన్య రంగాలకే వెళ్లాలన్న నిబంధన గ్రామీణ బ్యాంకులకు ఉంది.

2006: చిత్తూరు పక్కన కృష్ణా ఎలా వచ్చింది

ఒకప్పుడు దేశంలో 196 గ్రామీణ బ్యాంకులుండేవి. చిన్న బ్యాంకులు విడివిడిగా నిలవలేవన్న ఆలోచనతో 2005 నుంచి విలీనాలు మొదలయ్యాయి. అప్పటి సూత్రం ఒక రాష్ట్రంలో ఒకే స్పాన్సరు ఉన్న గ్రామీణ బ్యాంకులను కలపడం. చిత్తూరు పక్కనే కడప ఉంది, కానీ అక్కడి రాయలసీమ గ్రామీణ బ్యాంకుకు స్పాన్సరు సిండికేట్ బ్యాంకు. ఇండియన్ బ్యాంకు స్పాన్సరుగా ఉన్న మరో బ్యాంకు నాలుగు వందల కిలోమీటర్లకు పైగా దూరంలో, కృష్ణా జిల్లాలో ఉన్న కనకదుర్గ గ్రామీణ బ్యాంకు. 2006లో శ్రీవెంకటేశ్వర, కనకదుర్గ కలిసి సప్తగిరి గ్రామీణ బ్యాంకు అయ్యాయి. ప్రధాన కార్యాలయం చిత్తూరులోనే ఉంది.

మధ్యలో నెల్లూరు, ప్రకాశం, గుంటూరు దాటితే గానీ తన సగం కనబడని బ్యాంకు అది. ఊరి బ్యాంకు ఎవరితో కలవాలన్నది భూగోళం చెప్పలేదు, స్పాన్సరు చెప్పింది. అయినా ఆ జత అనుకోకుండా మేలే చేసింది. ఒకవైపు వాన మీద ఆధారపడిన మెట్ట, మామిడి, పాడి. మరోవైపు కాలువ నీటి వరి. ఒకచోట కరువు వచ్చిన ఏడాది రెండోచోట కూడా పంట పోవాలని లేదు. జిల్లా బ్యాంకుకు ఉండే పెద్ద బలహీనత, అంటే ఆ జిల్లా కుంగితే బ్యాంకూ కుంగడం, దీనివల్ల కొంత తగ్గింది.

అదే ఏడాది రాయలసీమ, శ్రీఅనంత, నెల్లూరు వైపున్న పినాకిని బ్యాంకులు కలిసి కడప కేంద్రంగా ఆంధ్రా ప్రగతి గ్రామీణ బ్యాంకు అయ్యాయి. ఈ గీతల ఫలితం 2022 ఏప్రిల్‌లో తిరుపతి జిల్లా ఏర్పడినప్పుడు బాగా కనబడింది. పాత చిత్తూరు నుంచి వచ్చిన శ్రీకాళహస్తి, చంద్రగిరి వైపు సప్తగిరి. పాత నెల్లూరు నుంచి వచ్చిన నాయుడుపేట, వెంకటగిరి వైపు ప్రగతి. ఒకే కలెక్టరు కింద రెండు గ్రామీణ బ్యాంకులు, రెండు స్పాన్సర్లు.

2025: అమ్మకం కాదు, కలయిక

కేంద్ర ఆర్థిక శాఖ 2025 ఏప్రిల్‌లో ‘ఒక రాష్ట్రం, ఒక గ్రామీణ బ్యాంకు’ అన్న సూత్రంతో నోటిఫికేషన్ ఇచ్చింది. దేశంలో 43 గ్రామీణ బ్యాంకులు మే 1 నుంచి 28 అయ్యాయి. మన రాష్ట్రంలో గుంటూరు కేంద్రంగా ఉన్న చైతన్య గోదావరి, కడపలోని ప్రగతి, చిత్తూరులోని సప్తగిరి, వరంగల్ కేంద్రంగా ఉన్న ఆంధ్రప్రదేశ్ గ్రామీణ వికాస్ బ్యాంకు ఒక్కటయ్యాయి. వికాస్ బ్యాంకు తెలంగాణ శాఖలు అంతకుముందే, 2025 జనవరి 1న, తెలంగాణ గ్రామీణ బ్యాంకులో కలిశాయి.

నాలుగింటికీ నలుగురు స్పాన్సర్లు. సప్తగిరికి ఇండియన్ బ్యాంకు, ప్రగతికి సిండికేట్‌ను కలుపుకున్న కెనరా, వికాస్‌కు స్టేట్ బ్యాంకు, చైతన్య గోదావరికి ఆంధ్రా బ్యాంకును 2020లో కలుపుకున్న యూనియన్ బ్యాంకు. కొత్త బ్యాంకుకు స్పాన్సరుగా యూనియన్ బ్యాంకును ఎంచారు. ‘యూనియన్ బ్యాంకుకు అమ్మేశారు’ అన్న మాట ఇక్కడినుంచే పుట్టింది. నిజానికి మారింది ఆ 35 శాతం వాటా చేయి. కేంద్రం 50, రాష్ట్రం 15 అలాగే ఉన్నాయి. యూనియన్ బ్యాంకు వేరు, గ్రామీణ బ్యాంకు వేరు. డిపాజిట్లు, అప్పులు, కుదువ సొమ్ములు, ఒప్పందాలు అన్నీ కొత్త బ్యాంకుకు సంక్రమించాయి.

శ్రీకాళహస్తిలో నాలుగు, నాయుడుపేటలో మూడు

విలీనంలో ఎవరూ పెద్దగా చెప్పని చిన్న లెక్క ఒకటి ఉంది. బ్యాంకు మూతపడితే డిపాజిట్ బీమా సంస్థ ఒక్కో డిపాజిటరుకు ఒక్కో బ్యాంకులో అసలు, వడ్డీ కలిపి ఐదు లక్షల వరకు చెల్లిస్తుంది. 2020 ఫిబ్రవరికి ముందు ఆ పరిమితి లక్షే. ఇది శాఖల వారీగా కాదు, బ్యాంకు వారీగా.

ఒక ఉపాధ్యాయురాలికి శ్రీకాళహస్తి సప్తగిరి శాఖలో నాలుగు లక్షలు, నాయుడుపేట ప్రగతి శాఖలో మూడు లక్షలు ఉన్నాయనుకుందాం. 2025 ఏప్రిల్ వరకు అవి రెండు బ్యాంకులు. ఏడు లక్షలకూ బీమా ఉండేది. మే నుంచి అది ఒకే బ్యాంకు. బీమా ఐదు లక్షలకే, రెండు లక్షలు బయట. కేంద్రం, రాష్ట్రం, ప్రభుత్వ రంగ బ్యాంకు యజమానులుగా ఉన్న సంస్థ మూతపడే భయం చాలా తక్కువ, నిజమే. కానీ చట్టం ఇచ్చే రక్షణ ఎంత అన్నది వేరే ప్రశ్న, దాని జవాబు మాత్రం మారింది.

పెద్దదైతే బలమా, దూరమా

విలీనాన్ని సమర్థించేవాళ్ల వాదనలో బలముంది. యూపీఐ, మొబైల్ యాప్, సైబర్ భద్రత వంటి వాటి ఖర్చు నాలుగు బ్యాంకులు విడివిడిగా భరించడం కన్నా ఒకటే భరించడం చవక. మూలధనం పెద్దదైతే మామిడి గుజ్జు ఫ్యాక్టరీకో శీతల గిడ్డంగికో ఇచ్చేంత పెద్ద అప్పు కూడా ఇవ్వగలదు. కుప్పం నుంచి ఇచ్ఛాపురం దాకా పరుచుకున్న బ్యాంకుకు ఒక ప్రాంతపు కరువు ప్రాణాంతకం కాదు. 2006 జతలో అనుకోకుండా దక్కిన మేలు ఇప్పుడు రాష్ట్రమంతటికీ దక్కుతుంది.

వద్దన్నవాళ్ల మాటలోనూ అంతే బలముంది. చిత్తూరు నుంచి ప్రధాన కార్యాలయం పోయింది. శాఖ మేనేజరు పరిధి దాటిన అప్పు గురించి ఒకప్పుడు చిత్తూరులో తేలేది. ఇప్పుడు ప్రాంతీయ కార్యాలయానికి ఎంతవరకు అధికారం ఇస్తారన్న దాని మీద రైతు ఎదురుచూపు ఆధారపడుతుంది. ఉద్యోగి రాష్ట్రంలో ఎక్కడికైనా బదిలీ అవుతాడు. శ్రీకాకుళం నుంచి వచ్చిన మేనేజరుకు తోతాపురి మామిడి ధర ఏ జూన్‌లో కూలుతుందో, గుజ్జు ఫ్యాక్టరీలు రైతుకు ఎన్ని నెలలు బాకీ పెడతాయో తెలియడానికి రెండు సీజన్లు పడుతుంది. అప్పటికి ఆయనకు మళ్లీ బదిలీ రావచ్చు.

ఈ రెండు వాదనల్లో ఏది నిజమవుతుందో ఒక అంకె చెబుతుంది. అది రుణ డిపాజిట్ నిష్పత్తి. ఒక జిల్లాలో 100 రూపాయల డిపాజిట్ తీసుకుని అక్కడే 80 అప్పుగా ఇస్తే నిష్పత్తి 80. అది 60కి పడిందంటే ఆ ఊళ్ల డబ్బు మరోచోట పని చేస్తోందని అర్థం. 120 అయితే బయటి డబ్బు ఇక్కడికి వస్తోందని అర్థం. చిత్తూరు బ్యాంకుకు పరిధి రెండు జిల్లాలే ఉన్నప్పుడు దాని వార్షిక ఆస్తి అప్పుల పట్టీ చూస్తే ఈ సంగతి చాలావరకు తెలిసేది. రాష్ట్రమంతటి బ్యాంకు పట్టీలో చిత్తూరు విడిగా కనబడదు. ఇకమీదట దాన్ని జిల్లా స్థాయి బ్యాంకర్ల సమీక్షా సమావేశం ముందు పెట్టే పట్టికల్లో, జిల్లా వారీగా, బ్యాంకు వారీగా వెతకాలి.